వీపు వెనక కలిసిన చేతులు: థింసా వరుస కథ

థింసా అనగానే మన పిల్లలకు ఇప్పుడు గుర్తొచ్చేది స్టేజీ. ఒకే రంగు చీరలు కట్టుకున్న పదిహేను ఇరవై మంది అక్కచెల్లెళ్లు, పక్కన డప్పులు వాయించే కొద్దిమంది మగవాళ్లు, ఎదురుగా సెల్‌ఫోన్లు పైకెత్తిన టూరిస్టులు. పాట ఊపందుకునే లోపే ఆట అయిపోతుంది, చప్పట్లు పడతాయి. అదీ థింసాయే, కాదనం. కానీ మన తాతలు, అవ్వలు ఆడిన ఆటకు ఎదురుగా కుర్చీలు లేవు. ఆ వరుసలో మగవాళ్లూ ఉండేవారు. ఈ రెండు సంగతులూ మన యువతకు తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

థింసా అంటే అడుగుల చప్పుడు అని పెద్దలు అర్థం చెబుతారు. అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు బగత, వాల్మీకి, కొటియా, కోంధు తెగల వాళ్లందరూ దీన్ని ఆడతారు. సరిహద్దు దాటి కొరాపుట్ వెళితే అక్కడ ధెంసా అంటారు. పేరు కొంచెం మారినా వరుస అదే, అడుగు అదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ రోజు కాగితం మీద ఒక గీత పడింది. గీతకు ఇటు ఉన్న పిల్లలు తెలుగు బడికి, అటు ఉన్న పిల్లలు ఒడియా బడికి వెళ్లారు. ఆట మాత్రం రెండు ముక్కలు కాలేదు. ఇటు మన గూడేల్లో ఇప్పటికీ చాలా థింసా పాటలు ఆదివాసీ ఒడియాలోనే వినిపించడానికి కారణం అదే. తెలుగు నేల మీద ఒడియా పాటలేమిటని పట్నం నుంచి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. గీత కంటే పాట ముందు పుట్టిందని వాళ్లకు చెప్పండి.

ఇక ఆట లోపలికి వెళదాం. థింసాకు ఒక్క రూపం లేదు. అన్నిటికంటే పూజ్యంగా చూసేది బోడ థింసా. గ్రామదేవతకు మొక్కి ఆడతారు. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు రెండు వరుసలు కడతారు. చేతులు వీపు వెనకగా కలిపి ఒకరినొకరు గట్టిగా పట్టుకుంటారు. కుడి వరుసలో మొదటి మనిషి చేతిలో నెమలి ఈకల కట్ట ఉంటుంది. ఆయనే దారి చూపుతాడు. ఎడమ వరుసలో చివరి మనిషి వచ్చి ఆయనతో కలుస్తుంది. రెండు వరుసలూ ఒకటై, అందెల చప్పుడుకు పాములా మెలికలు తిరుగుతూ, ‘హరి’, ‘హుయ్’ అని కేకలు వేస్తూ గుండ్రంగా సాగుతాయి.

ఆ చేతుల సంగతి దగ్గర కాసేపు ఆగాలి. జోడీ డ్యాన్సు అంటే సినిమాల్లో చూసి మనకు తెలిసింది ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. థింసాలో జోడీ అంటే ఒకరు కాదు, ఇద్దరు. కుడిపక్క ఒకరు, ఎడమపక్క ఒకరు. నీ చేయి వాళ్ల వీపు వెనక ఉంటుంది, వాళ్ల చేతులు నీ వీపు వెనక ఉంటాయి. పక్కవాళ్ల పాదాలు నీకు సరిగా కనబడవు. వాళ్ల బరువు ఎటు వాలుతోందో నీ చేతికి తెలుస్తుంది, దాన్నిబట్టి నీ కాలు కదలాలి. కొత్తగా వచ్చినవాడు అడుగు తప్పితే రెండు పక్కల పట్టు అతన్ని సర్దేస్తుంది. కిందపడనివ్వదు, ఆట ఆపదు. రాగానే బాగా ఆడాలన్న షరతు ఎవరూ పెట్టరు. చిన్నపిల్లలు వరుస చివర చేరి, పెద్దవాళ్ల చేతిని పట్టుకుని ఈడ్చుకుపోబడుతూనే నేర్చుకుంటారు. మాస్టారూ లేడు, ఫీజూ లేదు.

గుండేరి థింసా వేరే తీరు. దీన్ని ఉస్కు థింసా అని కూడా అంటారు. ఇందులో మగవాడు పాట పాడుతూ ఆడవాళ్లను ఆటకు పిలుస్తాడు. తరవాత అందరూ కలిసి గట్టి అడుగులతో ముందుకు వెనక్కు వేస్తూ గుండ్రంగా తిరుగుతారు. పిలవడం ఉంది చూశారా, అది మామూలు విషయం కాదు. నలుగురి ముందు గొంతెత్తి, మర్యాదగా, పాటలో పిలవాలి. రాకపోతే నవ్వుతూ ఊరుకోవాలి. మగపిల్లలకు ఇంతకంటే మంచి బడి ఉంటుందని మేము అనుకోము. అమ్మాయితో ఎలా మాట్లాడాలో తెలియక దారి కాచి, బండి హారన్ కొట్టే కుర్రాళ్లను చూసినప్పుడల్లా ఈ ఉస్కు థింసా గుర్తొస్తుంది.

పోతర్ తోల థింసా ఆకులు కోసే ఆట. సగం మంది పక్కపక్కన నిలబడతారు, మిగతా సగం వాళ్ల వెనక నిలబడి ముందువాళ్ల భుజాల మీద చేతులు వేస్తారు. తలలు కుడికీ ఎడమకూ తిప్పుతూ ముందుకు, వెనక్కు నడుస్తారు. అడ్డాకు కోతకు అడవికి వెళ్లినవాళ్లకు దీని అర్థం చెప్పనక్కర్లేదు. ముందు నడిచేవాడి భుజం వదలకూడదు, రెండు పక్కలా చూస్తూ నడవాలి. బాగ్ థింసాలో పులి వస్తుంది. కొందరు చేతులు పట్టుకుని వలయం కడితే మిగతావాళ్లు వేగంగా లోపలికి దూరి పాము చుట్టలా చుట్టుకుపోతారు. పులి మీద పడినప్పుడు ఊరు ఎలా ఒక్కటవ్వాలో ఆటలో చూపిస్తారన్నమాట. గొడ్డిబేట థింసాలో వంగుతూ లేస్తూ తల ఊపుతూ పాతిక అడుగులు ముందుకు వెళ్లి, అలాగే వెనక్కు వస్తారు. నాలుగైదు సార్లు చేసేసరికి జిమ్ముకు వెళ్లే కుర్రాడికి కూడా ఒళ్లు తడుస్తుంది. కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. నెట్టాలి గాని లయ తప్పకూడదు. పూనకాన్ని చూపే బాయ థింసా, వాల్మీకులు దీపావళికి ఎక్కువగా ఆడే నటికారి థింసా కూడా ఉన్నాయి. నటికారి ఒక్కరే ఆడేది కాబట్టి మన విషయానికి కొంచెం దూరం.

ఈ ఆటలన్నిటికీ పైన ఉండేది మోరి. దాని గొంతు లేస్తేనే వరుస కదులుతుంది. కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు దాన్ని మోస్తాయి.

చైత్రమాసంలో ఇటుకల పండుగకు, పెళ్లిళ్లకు, కొత్త పంట పండుగలకు ఒక ఊరివాళ్లు వరుసగా ఇంకో ఊరికి ఆడుతూ వెళతారు. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి కలుస్తారు. ఆట అయ్యాక అందరికీ కలిపి విందు. ఇలా ఊరూ ఊరూ కలిసి ఆడే ఆటను సంకిడి కేల్బార్ అంటారు. ఈ మాట మీలో చాలామంది విని ఉండరు. దాన్ని మళ్లీ నోళ్లలో ఆడించాలని మా కోరిక.

దీని విలువ తెలియాలంటే అప్పటి కొండల్ని ఊహించుకోవాలి. రోడ్లు లేవు, బస్సు లేదు. పక్క ఊరంటే రెండు గెడ్డలు దాటి ఒక కొండ ఎక్కి దిగాలి. మనకు గోత్రాలున్నాయి: కొర్రా వాళ్లకు సూర్యుడు, కిల్లో వాళ్లకు పులి, పాంగి వాళ్లకు గద్ద, వంతాల వాళ్లకు పాము, గొల్లోరి వాళ్లకు కోతి. ఒకే గోత్రం వాళ్లు అన్నాచెల్లెళ్లు, పెళ్లి కుదరదు. ఊళ్లో ఎక్కువమంది ఒకే గోత్రమైతే పిల్లనో పిల్లాణ్నో చూసుకోవడానికి పక్క ఊరికి వెళ్లాల్సిందే. ఎక్కడ చూసుకుంటారు? ఆ వరుసలోనే. రాత్రంతా పక్కన ఆడిన మనిషి ఓపిక ఎంతో, కోపం ఎంతో, అలసిపోయిన ముసలమ్మ కోసం అడుగు తగ్గిస్తాడో లేదో తెల్లారేసరికి తెలిసిపోతుంది. బయోడేటాలో ఇవేవీ ఉండవు. పెళ్లి ఒక్కటే కాదు. విత్తనాలు మార్చుకోవడం, పశువు తప్పిపోయిన కబురు, గట్టు తగాదా మాట్లాడుకోవడం కూడా ఆ విందులో కూర్చున్నప్పుడే. నిన్న గొడవ పడ్డవాడి వీపు వెనక ఇవాళ చేయి వేయాల్సి వస్తే ఆ గొడవ ఎంత కాలం సాగుతుంది?

ఇది మన ఒక్కరి పద్ధతే కాదు. ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండు అన్నదమ్ములు దీపావళి రోజుల్లో దండారి కడతారు. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి అతిథులుగా వెళ్లడం, కోలలతో జోడుగా ఆడడం, కలిసి తినడం, సంబంధాల మాట కదిలించడం అక్కడా ఉన్నాయి. నెమలి ఈకల కిరీటం పెట్టుకుని, ఒంటికి బూడిద రాసుకున్న గుస్సాడీలు ముందు నడుస్తారు. కొలబొడితో దండారి ముగుస్తుంది. ఆడవాళ్లు ఆడే ఆటను వాళ్లూ డెంసా అనే అంటారు! హైమన్‌డార్ఫ్ 1940లలో మర్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని దగ్గరగా చూసి, 1948లో పుస్తకం వేశారు. అదే మర్లవాయికి చెందిన కనక రాజు గారు జీవితమంతా గుస్సాడీ ఆడి, కుర్రాళ్లకు నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన చదువుకున్న బడి గురించి ఎవరూ అడగలేదు. ఎంతమందికి నేర్పారన్నదే లెక్కకు వచ్చింది.

ఆడామగా చేతులు పట్టుకుని ఆడడం తప్పు అన్న మాట మీరు వినే ఉంటారు. హాస్టల్లోనో కాలేజీలోనో ఎవరో నవ్వి ఉంటారు. ఈ మాటకూ ఒక చరిత్ర ఉంది. 1816లో లండన్‌లో రాజకుటుంబం ఇచ్చిన విందులో వాల్ట్జ్ ఆడారు. అబ్బాయి అమ్మాయి నడుము పట్టుకునే ఆట అది. వెంటనే ‘టైమ్స్’ పత్రిక, ఇది సిగ్గుమాలిన ఆట, మీ కూతుళ్లను దూరంగా ఉంచండి అన్న తీరులో మండిపడింది. నాగరికులమని చెప్పుకున్నవాళ్ల సొంత ఊళ్లోనే ఇంత గొడవ జరిగింది. కొంత కాలానికి అదే వాల్ట్జ్ పెద్దింటి మర్యాద అయి కూర్చుంది.

మన వైపు ఆ నింద ఇంకా లోతుగా తగిలింది. జార్ఖండ్‌లో ఊరి నడుమ ఆట స్థలాన్ని అఖ్రా అంటారు. మిషనరీలు అక్కడి ఆటల్ని వద్దన్నారు. 1914లో జత్రా భగత్ ఉరావ్‌లలో మొదలుపెట్టిన తానా భగత్ ఉద్యమం కూడా మద్యం, మాంసంతో పాటు ఆటనూ విడిచిపెట్టమంది. ఆ ఉద్యమం భూమి కోసం, ఆత్మగౌరవం కోసం నిలబడింది, వెట్టిని ఎదిరించింది. దాన్ని మేము తక్కువ చేయం. కానీ బయటివాళ్లు వేలు చూపించిన దాన్ని మనమే కోసేసుకోవడం గౌరవానికి దారి అనుకున్న ఆ ఒక్క చోట మాత్రం మాకు మనసు ఒప్పదు.

ఆ నేల మీదే దీనికి జవాబు కూడా పుట్టింది. రామ్‌దయాళ్ ముండా 1939లో పుట్టిన ముండా బిడ్డ. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1980లలో రాంచీ విశ్వవిద్యాలయానికి వచ్చి గిరిజన, ప్రాంతీయ భాషల విభాగాన్ని నిలబెట్టారు. ఆ విభాగంలో అఖ్రా పెట్టించారు. క్లాసులో భాష చదువుకున్న పిల్లలు బయటికి వచ్చి చేతులు పట్టుకుని ఆడాలి. ఆయన నోట ఎప్పుడూ ఉండే మాట ‘జే నాచీ సే బాచీ’. ఆడేవాడే బతికి బట్టకడతాడని దాని భావం. తరవాత రాంచీ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, 2010లో రాజ్యసభకు వెళ్లారు. అయినా మాందర్ వాయించడం, అఖ్రాలో దిగడం మానలేదు. పెద్ద చదువు చదివితే ఆట వదిలేయాలి అనుకునే మన ఉద్యోగస్థులు ఈయన సంగతి తెలుసుకోవాలి.

ఒంటికీ మనసుకూ కలిగే మేలు గురించి కూడా రెండు ముక్కలు. చరిత్రకారుడు విలియం మెక్‌నీల్ 1941లో సైన్యంలో చేరి టెక్సస్‌లో గంటల తరబడి కవాతు చేశారు. పని లేని ఆ కవాతులో కూడా ఏదో హాయి ఉందని, పదిమందితో కలిసి అడుగు వేస్తే నేను అనేది పెద్దదైనట్టు ఉంటుందని గమనించారు. 1995లో దాని మీదే పుస్తకం రాసి, ఊరి ఆటలను, సైన్యం కవాతును ఒక చోట పెట్టి చూశారు. 2003లో న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని గమనించిన వైద్య పరిశోధన ఒకటి వచ్చింది. చదరంగం, పుస్తక పఠనం, వాద్యం వాయించడంతో పాటు శరీరాన్ని కదిలించే పనుల్లో ఒక్క డ్యాన్సు మాత్రమే మతిమరుపు జబ్బు తక్కువగా రావడంతో ముడిపడి కనిపించింది. అది వాళ్ల డ్యాన్సు, వాళ్ల ఊరు. థింసా మీద అలాంటి లెక్క ఎవరైనా తీస్తే బాగుంటుంది. నర్సింగు, వైద్యం చదువుతున్న మన పిల్లల్లో ఎవరో ఒకరు తీస్తారని ఆశ.

మేము చూస్తున్నది ఇంకా చిన్న సంగతి. మైదానం కాలేజీలో చేరిన మన పిల్లలు మొదటి ఏడాది మాట్లాడరు. యాస వినబడుతుందని భయం. వాళ్లలో థింసా వరుసలో నిలిచినవాళ్లు కాలేజీ పండుగకు ఒకసారి ఆడితే, మర్నాటి నుంచి వాళ్లను పేరు పెట్టి పిలుస్తారు. అంతకంటే ముఖ్యమైనది, క్లాసులో ఉన్న కోయ, జాతాపు, సవర, గోండు పిల్లలతో కలిసి ఒక వరుస కట్టగలుగుతారు. కోయవాళ్ల రేలా అడుగు తెలిసినవాడికి థింసా అందుకోవడం పెద్ద కష్టం కాదు.

మరి స్టేజీ ఎలా వచ్చింది? 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్‌కు ఇనుప ఖనిజం కోసం రైలు దారి వేశారు. ఆ రైలే టూరిస్టులను అరకుకు తెచ్చింది. హోటళ్లు, మ్యూజియం, సాయంత్రం ప్రదర్శనలు వచ్చాయి. ఆడినందుకు డబ్బులు తీసుకోవడం తప్పని మేము అనం. పొలం పని లేని నెలల్లో ఆ డబ్బుతో ఇల్లు నడిపే అక్కలు ఉన్నారు. వాళ్లు లేకపోతే చాలా అడుగులు ఈపాటికి పోయేవి. మార్పు ఎక్కడ జరిగిందంటే, గుండ్రంగా తిరిగే వరుస చూసేవాళ్ల వైపు తెరుచుకుంది. రాత్రంతా సాగేది నిమిషాలకు కుదిరింది. చీరల వరుస ఫోటోకు బాగుంటుందని ఆడవాళ్లే మిగిలారు, మగవాళ్లు వాద్యాల దగ్గరకు, తరవాత గట్టు మీదకు జరిగారు. ఇప్పుడు పెళ్లిలో డీజే పెడితే కుర్రాళ్లు ఒక్కొక్కరు విడివిడిగా ఎగురుతారు, అమ్మాయిలు గోడవారగా చూస్తారు. మోరి వాయించే తాత భోజనం చేసి ముందే ఇంటికి పోతాడు.

బోడ థింసాలో కుడి వరుస లేకపోతే ఎడమ వరుస ఎవరితో కలుస్తుంది? ఉస్కు థింసాలో పిలిచే గొంతు లేకపోతే ఆట మొదలే కాదు. ఆడవాళ్లు ఒక సగాన్ని నిలబెట్టారు. రెండో సగం మగపిల్లలు నేర్చుకుంటేనే తిరిగి వస్తుంది. అందుకే ఈసారి మా పిలుపు ముఖ్యంగా తమ్ముళ్లకు.

వచ్చే చైత్రంలో ఇటుకల పండుగకు వారం ముందు సెలవు దొరికినవాళ్లు ఊరికి రండి. సాయంత్రం వంటలు అయ్యాక అవ్వల వెనక చివరి చోటులో చేరండి. మొదటి రోజు పాదాలకేసి చూడకండి, చేతి పట్టు వినండి. పక్క ఊళ్లో చదువుకునే స్నేహితులు ఉంటే వాళ్ల పెద్దలకు ముందే కబురు పెట్టి, ఒక పూట సంకిడి కేల్బార్‌కు బియ్యం, పప్పు ఎవరు తెస్తారో మాట్లాడుకోండి. ఉస్కు థింసా పాటలు తెలిసిన తాతలు మీ ఊళ్లో ఎవరున్నారో కనుక్కోండి. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు పాట ఒక్కటే చాలదు. తాతను లేచి నిలబడమని, ఏ మాట దగ్గర ఏ కాలు పడుతుందో చూపించమని అడగండి. మోరి తాత పక్కనుంటే ఇంకా మంచిది.